నీరటోళ్ల పిల్లను నీరడోళ్లకు ఇయ్యొచ్చా? మా ఇంటిపేరు మూలం వెతికిన అనుభవం

మా చెల్లెకు వచ్చిన సంబంధం అందరికీ నచ్చింది. పిల్లగాడు బుద్ధిమంతుడు, ఉద్యోగం ఉంది, కట్నం మాట ఎత్తలేదు. తీరా మాటముచ్చట కోసం పెద్దమనుషులు కూర్చున్నాక పేచీ ఇంటిపేరు దగ్గర వచ్చింది. మాది నీరటి, వాళ్లది నీరడి. మధ్యవర్తి ఈ రెండూ వేరనుకున్నాడు. పిల్లగాని తండ్రి మాత్రం అప్పటిదాకా మా బాపును ఏ వరసా పెట్టకుండా మాట్లాడినవాడు, పేరు వినగానే "అన్నా" అన్నాడు. ఆ ఒక్క పిలుపుతో అందరికీ విషయం అర్థమైంది. "అన్నా, నీరటైనా నీరడైనా ఒక్కటే గదనే. ఒక్క ఇంటిపేరోళ్లం అన్నదమ్ములమైతం. పిల్లనెట్ల ఇచ్చుకుంటం?"

మా బాపు "మీరూ మేము ఎన్నడూ పాలోళ్లం గాదు" అన్నాడు గానీ దాన్ని నిలబెట్టే ఆధారం ఆయన దగ్గర లేదు. సంబంధం వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. ఎండాకాలం సెలవులు కాబట్టి, బళ్లో పంతులమ్మను కాబట్టి, కాగితాలతో ఎట్లా మాట్లాడాలో కొంచెం తెలుసు కాబట్టి ఈ పని నేను నెత్తిన వేసుకున్నాను. లగ్గం కోసం మొదలైన పని నన్ను మా తాతముత్తాతల చెరువు కట్ట మీదికి తీసుకుపోయింది. ఇదే ఇంటిపేరుతోనో, ఇట్లాంటి పని పేర్లతోనో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

తెలుగువాళ్ల ఇంటిపేర్లు ఎక్కువగా ఊరి పేర్లే. ఫలానా ఊరి నుంచి వచ్చినోళ్లు అంటే ఆ ఊరే ఇంటిపేరైపోతుంది. మా కామారెడ్డి, మెదక్ వైపు ఊళ్లలో ఇంకో రకం పేర్లు కూడా కనిపిస్తాయి. తలారి, కావలి, సుంకరి, బేగరి, మస్కూరి, నీరటి. ఇవన్నీ ఊరికి ఎవరు ఏ పని చేశారో చెప్పే పేర్లు. తలారి ఊరి కావలి చూసేవాడు, మస్కూరి సర్కారు కబురు మోసేవాడు. నీరటి అంటే చెరువు తూము తెరిచి మూసి, పొలాలకు నీళ్లు వంతులవారీగా పారించేవాడు. రాయలసీమలో ఇదే పని చేసిన కుటుంబాలు నీరుగంటి వాళ్లు. కర్ణాటకలోనూ నీరుగంటి అనే అంటారు, తమిళనాట నీర్‌కట్టి అంటారు. చెరువుల మీద బతికిన దక్షిణాదిలో ఈ పని లేని సీమ లేదు.

నేను మొదట తిరగేసింది ఓటరు జాబితాలు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఊరివారీగా ఎవరైనా చూసుకోవచ్చు. మా మండలం, పిల్లగాని మండలం, వాటి చుట్టుపక్కల మండలాలు చూస్తూ పోయాను. కాసేపటికే ఒక తీరు కనిపించింది. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరైతే ఒకచోట గుంపుగా ఉంటుంది, దూరం పోయిన కొద్దీ పలచబడుతుంది. నీరటి అట్లా లేదు. పాత చెరువున్న ఊరు దాదాపు ఏది చూసినా రెండు మూడు గడపలు, మహా అయితే నాలుగైదు. ఎక్కడా గుంపు లేదు, ఎక్కడా పూర్తిగా లేకుండా పోలేదు. ఒక ఊళ్లో నీరటి, పక్క ఊళ్లో నీరడి, ఇంకో ఊళ్లో నీరుడి. జాబితా రాసినవాడి చెవికి ఎట్లా వినబడితే అట్లా.

ఆ జాబితాల ముందు కూర్చున్నప్పుడే నాకు సగం జవాబు దొరికిందనిపించింది. ఒక చెరువుకు ఒక నీరటి ఇల్లు కావాలి. ఊరూరా చెరువుంది కాబట్టి ఊరూరా ఒక నీరటి ఇల్లుంది. అన్ని వందల ఇళ్లూ ఒకే మూలపురుషునికి పుట్టిన సంతానం కానక్కర్లేదు. కమ్మరి అన్న ఇంటిపేరున్న వాళ్లందరూ ఒక్క తాత మనుమలు కానట్టే ఇదీ. కానీ పెద్దమనుషుల ముందు "కానక్కర్లేదు" అంటే చెల్లదు, "కాదు" అని తేలాలి.

అప్పుడు మా చిన్నతాత దగ్గరికి పోయాను. మా బాపుకు చిన్నాయిన. ఎనభై దాటిన మనిషి, మా ఇంట్లో తూము పని చేతులారా చేసిన ఆఖరి మనిషి. ఇంట్లో కూర్చొని చెప్పమంటే చెప్పలేదు. "నడువు, కట్ట మీదికి పోదాం" అన్నాడు.

మా చెరువుకు మిషన్ కాకతీయలో పూడిక తీశారు. ఆ పథకం మొదలుపెట్టింది కూడా మా వైపే, 2015 మార్చిలో సదాశివనగర్‌లో. ఇప్పుడు తూముకు ఇనుప షట్టరుంది, చక్రం తిప్పితే లేస్తుంది. దాని పక్కనే పాత తూము రాళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. నీళ్లలో రెండు రాతి కంబాలు, వాటి నడుమ ఒకదాని కింద ఒకటి అడ్డరాళ్లు, ప్రతి అడ్డరాయికీ నడిమధ్య గుండ్రటి బొక్క. ఆ బొక్కల్లోంచి నిలువునా ఒక పొడవాటి కర్ర దిగేదట. దాని కొన మొద్దుగా చెక్కి ఉండేది, అది అడుగున తూము కంతను మూసేది. కర్రను ఎంత పైకి లేపితే అన్ని నీళ్లు. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఈదుకుంటూ పోయి, అడ్డరాయి మీద నిలబడి, రెండు చేతులా కర్రను పైకి గుంజాలి. చిన్నతాత చూపించిన ఆ పై రాయి బొక్క అంచు ఒకవైపు అద్దంలాగా నున్నగా అరిగి ఉంది. కర్ర రాసుకొని రాసుకొని అరిగిన రాయి అది. మా ముత్తాత, ఆయన తండ్రి, వాళ్లకు ముందున్నోళ్లు లాగిన కర్ర. నేను దాన్ని చేత్తో తడిమి చూశాను. అప్పటిదాకా ఇంటిపేరు నాకు హాజరు పట్టీలో రాసుకునే మాట మాత్రమే.

"నీళ్లు నిండుగుంటె నీరటోని పని సగమే. నీళ్లు తక్కువైన ఏడు చూడాలె" అన్నాడు చిన్నతాత. వానాకాలపు ఆబీ పంటకు వానలు తోడుంటాయి. యాసంగి తాబీ పంటకు మాత్రం చెరువులో ఎంతుందో చూసి, ఎంత భూమి పారుతుందో తేల్చి, ఆ మేరకే నాట్లు వేయనిచ్చేవాళ్లు. దాన్ని తైబందీ అంటారు. పెద్దమనుషులు కూర్చొని తైబందీ చేస్తే, దాన్ని మడి మడికీ అమలు చేసేది నీరటి. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతు మార్చేవాడట. వేగుచుక్క పొడిచేసరికి ఒక వంతు అయిపోవాలి. "కాలువ చివరి మడి నుంచి మొదలు పెడుతుంటిమి. మొదటోనికి ఎట్లనన్న అందుతయి బిడ్డా. ముందుగాల మొదటోనికిస్తె చివరోని మడి నెర్రెలు వాస్తది."

వానాకాలం రాత్రుళ్లు ఇంకో పని. గొంగడి కప్పుకొని కందిలి పట్టుకొని కట్ట పొడుగూతా తిరగాలి. ఎండ్రకాయల బొక్కలుంటే, కట్ట కింద ఎక్కడన్నా నీళ్లు ఊరుతుంటే అక్కడ మట్టి కొట్టాలి. మత్తడి దుంకుతుంటే కూడా కంటికి నిద్ర లేదు, గండి పడితే ఊరే పోతుంది. కట్టమైసమ్మకు మొదటి కొబ్బరికాయ నీరటి ఇంటిదే. ఇవన్నీ చేసినందుకు కోతలయ్యాక కళ్లం కాడ కుప్ప కొలిచేటప్పుడు ప్రతి రైతూ ఇన్ని కుంచాలని మేర ఇచ్చేవాడు. దానితోపాటు కొంత ఇనాం భూమి.

ఇక్కడ నేను చెప్పి తీరాల్సిన సంగతి ఒకటుంది. మేము మాలోళ్లం. మా చుట్టుపక్కల ఊళ్లలో ఈ పని ఎక్కువగా మాల కుటుంబాలదే, కొన్ని ఊళ్లలో ముదిరాజులు కూడా చేశారు. దక్షిణాది చెరువుల గురించి చదివిన వాళ్లకు తెలుసు, చాలాచోట్ల నీళ్లు పంచే పని దళితుల చేతుల్లోనే ఉంది. ఎందుకని అడిగితే అందరూ చెప్పే కారణం ఒకటే. ఆయకట్టు కింద సొంత పొలం లేనోడైతే ఎవరి పక్షమూ పట్టడు. చిన్నతాత కూడా అదే మాట అన్నాడు, గర్వంగా అన్నాడు. "పటేలు మడికైనా వంతొస్తెనే నీళ్లు. నా చేతుల కర్ర ఉండంగ ఎవ్వడు మాట అనలే." అదే మనిషి ఆ వెంటనే, ఊరి మంచినీళ్ల బావి దగ్గర తన తల్లి కుండ పెట్టుకొని, ఎవరన్నా చేది పోస్తారా అని దూరంగా నిలబడేదని చెప్పాడు. ఊరందరి పంట నీళ్లు నమ్మి చేతికిచ్చారు, తాగే నీళ్లు ముట్టనీయలేదు. ఈ రెండూ ఒకే ఊళ్లో ఒకే కాలంలో ఒకే మనిషికి జరిగాయి. మా పేరు తలచుకున్నప్పుడు గర్వమూ వస్తుంది, కడుపు మండుతుంది కూడా. ఏ ఒక్కటీ వదిలి చెప్పలేను.

ఇక కాగితాలు. మా తహసీల్దార్ ఆఫీసులో 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కోసం అర్జీ పెట్టాను. తెలంగాణలో భూమి తగవు ఏదైనా చివరికి ఈ పహాణీ దగ్గరికే వస్తుంది. ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎవరి కబ్జా, తరియా (నీళ్లు పారే భూమి) ఖుష్కియా (మెట్ట) అన్నీ అందులో ఉంటాయి. మొదటి అర్జీకి కదలిక లేదు, సమాచార హక్కు కింద ఇంకోటి పెట్టాను. మండల స్థాయి ఆఫీసుకు రుసుము ఐదు రూపాయలే, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. గడువు దగ్గరపడేసరికి కాగితం చేతికొచ్చింది.

పట్వారీ గొలుసుకట్టు రాత. నాకు సగం అర్థం కాలేదు. మా బాపు వేలు పెట్టి ఒక్కో గీత చదివించాడు. చెరువు తూము కిందనే ఒక చిన్న సర్వే నంబరు, ఎకరం చిల్లర తరి భూమి. రకం అన్న చోట "నీరడి ఇనాం". పేరు అన్న చోట మా ముత్తాత పేరు, "వల్ద" అని రాసి ఆయన తండ్రి పేరు. ముత్తాత పేరు ముందు "నీరడి" అని ఉంది. అదే పేజీలో ఇంకొకాయన పేరు ముందు "తలారి", మరొకాయన పేరు ముందు "కమ్మరి" అని ఉంది. పట్వారీ రాసింది ఇంటిపేర్లు కాదు, ఎవరు ఏ పనివాళ్లో రాశాడు. పైగా మేము నీరటి అని చెప్పుకునే ఇల్లు కాగితం మీద నీరడే. పిల్లగాని తండ్రి అన్నట్టు పేరు రెండిళ్లకూ ఒకటే అని దీంతో తేలిపోయింది.

దానికన్నా పాతది సేత్వార్. దివాన్ సాలార్‌జంగ్ కాలంలో, 1870ల్లో నిజాం రాజ్యంలో మొదలైన సర్వే బందోబస్తు తరువాత ఊరూరికీ తయారుచేసిన రికార్డు. అది ఉర్దూలో ఉంటుంది. కోర్టు దగ్గర అర్జీలు రాసే ఒక ముసలాయన చదివి పెట్టాడు. ఆయన వేలు మా సర్వే నంబరు మీద ఆగి "నీరడీ" అన్నప్పుడు మా బాపు కళ్లు తడిశాయి. అందులో ఉన్నది మా ముత్తాతకు తాత పేరు. మా ఇంట్లో ఎవరికీ తెలియని పేరు. రాయి లేదు, ఫొటో లేదు, ఆ అక్షరాలే ఆయన మిగిల్చినవి.

చట్టంలో కూడా ఈ మాట ఉందని అక్కడే తెలిసింది. తెలంగాణ ప్రాంతంలో ఇనాములు రద్దు చేస్తూ 1955లో వచ్చిన చట్టం, ఊరికి సేవ చేసే ఇనాములను అప్పట్లో మినహాయించింది. ఆ మినహాయింపులో సేత్‌సింధి, నీరడి, బలోతా ఇనాములని పేర్లు పెట్టి మరీ రాశారు. నిజాం దఫ్తరు నుంచి స్వతంత్ర దేశపు శాసనం దాకా నీరడి అంటే ఒక పదవి, ఒక హక్కు. ఇంటిపేరు అయ్యింది ఆ తరువాతనే.

ఎట్లా అయ్యిందో మా బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు చూస్తే తెలిసింది. మా బాపు తరం వాళ్లే మా వాడ నుంచి మొదట బడికి పోయినవాళ్లు. పేరు రాసుకునే పంతులు ఇంటిపేరు అడిగితే పిల్లలకేం తెలుసు? "ఎవరోళ్లురా నువ్వు?" అంటే "నీరటోళ్లం" అన్నారు. రిజిస్టరులో నీరటి అని పడింది. అక్కడి నుంచి టీసీకి, టీసీ నుంచి కుల ధ్రువీకరణకు, రేషను కార్డుకు, ఆధార్‌కు. మా తాత వేలిముద్ర వేసిన పాత కాగితాల్లో ఇంటిపేరే లేదు. నేను కూడా ఏటేటా అడ్మిషన్లు రాసేదాన్నే. మనం రాసే ఆ ఒక్క మాట ఒక కుటుంబానికి ఎన్ని తరాలు నిలుస్తుందో తెలిశాక, ఇప్పుడు ప్రతి పిల్లకూ తల్లిదండ్రులను పిలిచి అడిగి మరీ రాస్తున్నాను.

పిల్లగాని వాళ్ల ఊరి పహాణీ కూడా తీయించాము. వాళ్ల చెరువు వేరు, వాళ్ల నీరడి ఇనాం వేరు, సేత్వార్‌లో వాళ్ల పూర్వీకుని పేరు వేరు. అంతే కాదు, వాళ్ల తాత తన పెళ్లికి ముందు కొన్న భూమి దస్తావేజు ఒకటి వాళ్ల ఇంట్లో పెట్టె అడుగున దొరికింది. అందులో ఆయన ఇంటిపేరు "మంద". నీరడి అన్నది ఇంటిపేరు కాకముందు వాళ్లకున్న ఇంటిపేరు అదన్నమాట. మాకు మాత్రం అట్లాంటి పాత పేరు ఎక్కడా దొరకలేదు.

అయినా పెద్దమనుషులకు కాగితం ఒక్కటే చాలదు. ఒకప్పుడు ఒక ఇంటి అన్నదమ్ముల్లో ఒకడు ఇంకో ఊరికి నీరటిగా పోయి ఉండొచ్చు గదా అన్నారు. ఆ అనుమానం న్యాయమైందే, అట్లా పోయినవాళ్లూ ఉన్నారు. దానికి మా చిన్నతాత, వాళ్ల పెద్దవ్వ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె అడిగింది రెండే. మీ ఇలవేల్పు ఎవరు? మా ఇంట్ల చావైతే మీకు ఎన్నడన్న మైల వచ్చిందా? ఇలవేల్పులు వేరు. మైల పట్టింది లేదు, పిండాకూటికి పిలిచింది లేదు, ఒక ఇంట్లో చావుకు ఇంకో ఇంట్లో గుండు కొట్టించుకున్నోడు లేడు. ఇంకో సంగతి ఆమే చెప్పింది. వాళ్ల అత్తను వేరే మండలంలో ఇంకో నీరడోళ్లకే ఇచ్చారట, ఎవరూ తప్పు పట్టలేదట. "పని పేరు గద అది. రకతం పేరు గాదు" అని తేల్చేసింది. నేను ఎండాకాలమంతా తిరిగి తెచ్చిన నకళ్లు ఆమె చూడను కూడా చూడలేదు. కానీ మగపెద్దలు వాటిని ఒక్కొక్కటిగా చదివించుకున్నాకనే లేచారు. లేస్తూ పిల్లగాని తండ్రి మా బాపు భుజం మీద చెయ్యేసి "ఇగ నడువు బావా, తిందాం" అన్నాడు.

ఆ తరువాత లగ్గమైంది. శుభలేఖ మీద రెండు ఇంటిపేర్లూ వాళ్లవాళ్ల రాతలోనే వేయించాము.

ఈ పని ఊళ్లో ఎప్పుడు ఆగిపోయిందని నన్ను చాలామంది అడిగారు. ఒక్కరోజు ఆగిపోలేదు. బోర్లు వచ్చాక రైతులు చెరువు ముఖం చూడటం తగ్గించారు, మేర ఇవ్వడం మానేశారు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. కింది పనివాళ్లు మాత్రం గ్రామసేవకులై, తరువాత గ్రామ రెవెన్యూ సహాయకులై మిగిలారు. మా బాబాయి అట్లా తక్కువ జీతానికి ఏళ్ల తరబడి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగినవాడే. 2023లో రాష్ట్రంలో ఇరవై వేలకు పైగా ఉన్న ఈ సహాయకులను పే స్కేలులోకి తీసుకొని వేర్వేరు శాఖలకు పంపినప్పుడు, ఆయనకు నీటిపారుదల శాఖలో లష్కరు పోస్టు వచ్చింది. కాలువ షట్టర్లు చూసుకునే పని. పోస్టింగు కాగితం చూసి చిన్నతాత దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇట్లాంటి పని పేరు ఇంటిపేరుగా ఉన్నవాళ్లు మూలం వెతకాలనుకుంటే ముందు ఇంట్లో ముసలివాళ్లను ఆ పని జరిగిన చోటికి తీసుకుపోండి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు అక్కడ వస్తాయి. తరువాత ఖాస్రా పహాణీ, ఆ తరువాత సేత్వార్. ఇనాం ఉన్న కుటుంబమైతే ఇనాం విచారణ తీర్పు కాగితం, దాన్నే ముంతఖబ్ అంటారు, దొరుకుతుందేమో అడగండి. పాత రికార్డు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూడా ఉంటుంది. ఉర్దూ చదివేవాళ్లు తగ్గిపోతున్నారు కాబట్టి ఆలస్యం చేయకండి.

మాకు ఇంకో పని మిగిలింది. తూము కింద ఆ ఎకరం చిల్లర నీరడి ఇనాం ఇప్పుడు మా పేరు మీద లేదు. ఎప్పుడు, ఎట్లా చేయి మారిందో తరువాతి పహాణీలు సంవత్సరాలవారీగా చూస్తే తేలుతుంది. 1955 నుంచి మొదలుపెట్టి ఒక్కో ఏడాది నకలుకు అర్జీలు రాసి పెట్టాను. మా బాపు వాటి మీద సంతకం చేసేటప్పుడు ప్రతిసారీ ఇంటిపేరు పూర్తిగా రాస్తున్నాడు. ఇంతకు ముందు ఒట్టి "నీ" అని పొడి అక్షరం పెట్టేవాడు.